లెక్క తీసేసిన పంతులమ్మ

సూర్యకాంతం కూర్చుని ఉండగా చూసినవాళ్ళు మా టెక్కలిలో దాదాపు లేరు. అన్నం కూడా వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడే తింటుంది. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకుని నిలబడుతుంది. పైగా పలాస ఎప్పుడొస్తుందని కండక్టర్ని అడుగుతూనే ఉంటుంది. "మీరు దిగి నడుచుకోండమ్మా, మాకంటే ముందే వెళ్ళిపోతారు" అంటాడతను.

వాళ్ళ నాన్న అనంతపద్మనాభం గారు ఆసుపత్రి ఆఫీసులో గుమాస్తా. ఈయన సరిగ్గా తిరగేసిన రకం. పొద్దున్న కుర్చీలో కూర్చున్నారంటే సాయంత్రం దీపాలు పెట్టేవేళకి గానీ లేవరు. మంచినీళ్ళు కావాలన్నా ఎవరో ఒకరు తెచ్చివ్వాల్సిందే. "ఈ పిల్ల కాళ్ళకి చక్రాలు కట్టుకుని పుట్టింది, నా కాళ్ళేమో కుర్చీకి కట్టేసి ఉన్నాయి" అని ఆయనే నవ్వేవారు.

అరవై ఏడులో కాంతం టీచరు ట్రయినింగులో చేరింది. అందులో రాట్నం వడకాలి, చాప మీద కూర్చుని. అది ఆవిడ వల్ల ఎక్కడవుతుంది? దారం తెగేది, ఆవిడ లేచేది. కానీ రెండు పాఠాలంటే మాత్రం పిచ్చి. ఒకటి, చిన్నపిల్లలకి లెక్కలు ఎలా చెప్పాలి అనేది. రెండోది ఆరోగ్యం, పాఠశాల నిర్వహణ. బడి నడపడమంటే గంట కొట్టడం కాదు, ఊళ్ళో పిల్లల ఒళ్ళు బాగుందో లేదో కూడా చూడాలని అందులో ఉంటుంది. ఈ రెండూ కలిపి ఏదో చెయ్యాలని ఆవిడ బుర్రలో ఎప్పుడూ ఒక తేనెటీగ తిరుగుతూ ఉండేది.

తీరా పరీక్ష పాఠం చెప్పినరోజు ఏమైందంటే, టెక్కలిలో ఒక బళ్ళో కూడికలు చెప్పమన్నారు. చెప్పింది. నల్లబల్ల దగ్గర మొదలెట్టి, కిటికీ దగ్గరకెళ్ళి, గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ నల్లబల్ల దగ్గరకొచ్చి, మధ్యలో ఒక పిల్లాడి పలక తనే తీసుకుని లెక్క తనే చేసేసి, గంట కొట్టకముందే పాఠం అవగొట్టేసింది. పరీక్ష చెయ్యడానికొచ్చిన కూర్మారావు మాస్టారు నెమ్మదైన మనిషి. ఒక మాట అన్నాక రెండో మాటకి ముందు కళ్ళజోడు తుడుచుకుంటారు. ఆయన కాయితం మీద ఇలా రాశారు: "ఉపాధ్యాయిని ఒకచోట నిలవదు. పిల్లలకు మెడనొప్పి కలుగును." తప్పించేశారు.

ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అప్పుడు వాళ్ళ నాన్న మెత్తగానే ఒక మాట అన్నారు.

"కాంతం, ఇదీ పోయిందనుకో, విశాఖపట్నం పంపిస్తాను. హెల్త్ ట్రయినింగులో చేరు. ఆసుపత్రి ఆఫీసు ఎలా నడపాలో నేర్పుతారు. మందులెన్ని, మంచాలెన్ని, టీకా సీసాలెన్ని… హాయిగా కుర్చీలో కూర్చుని రాసుకోవచ్చు."

"కుర్చీలోనా?"

"కుర్చీలో కాక చెట్టెక్కి రాస్తారేమిటే?"

ఆ కుర్చీ ఆవిడకి కలలోకి కూడా వచ్చేది. నాలుగు కాళ్ళతో వెంటపడి తరిమేదిట.

రెండోసారికి ఆవిడకి పడిన ఊరు మొగలిపేట. ఉద్దానంలో సముద్రం ఒడ్డున, చేపలవాళ్ళ పేట. మందసలో పిన్ని ఇంట్లో ఉంటూ, పొద్దున్నే బస్సెక్కి రోడ్డు మీద దిగి, జీడితోటల్లోంచి, కొబ్బరితోటల్లోంచి నడిచి, ఆ తర్వాత చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలో నడవాలి. ఆవిడకి అంతకంటే ఏం కావాలి! బడంటే ఒక తాటాకు పాక. అందులో రామూర్తి మాస్టారొక్కరే అన్ని తరగతులకీ. మంచివారు, కొంచెం నిద్రమొహం.

మొదటిరోజే నల్లబల్ల వదిలేసి పిల్లల్ని ఒడ్డుకి తీసుకుపోయింది. గవ్వలు ఏరించింది. పది గవ్వలయితే ఒక కొబ్బరిచిప్పలో వెయ్యాలి. నిండిన చిప్పలు ఎడమవైపు, విడి గవ్వలు కుడివైపు. రెండు చిప్పలు, ఐదు గవ్వలు ఉంటే ఇరవై ఐదు. అంతే! పలక మీద అంకెని చూసి ఏడ్చే పిల్లలు చిప్పల్ని చూసి ఎగిరారు. అందరికంటే చురుకైనది గంగమ్మ, రాజులమ్మ కూతురు, ఎనిమిదేళ్ళది. గవ్వ చేత్తో పట్టకముందే లెక్క చెప్పేసేది. "నువ్వు నాలాగే ఉన్నావే" అని కాంతం మురిసిపోయేది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆవిడ ఆగే మనిషా?

వాళ్ళ నాన్న ఆఫీసులో ఎప్పుడూ ఒకటే గోల. ఒడ్డుమీది పేటల్లో మశూచి టీకా పడని పిల్లలెంతమందో ఎవరికీ తెలీదు. ఒకసారి మందు చాలదు, ఇంకోసారి మిగిలిపోయి ఎండకి చెడిపోతుంది. కాంతం బుర్రలో తేనెటీగ ఒక్కసారి లేచింది. కూడికల పాఠం, ఆరోగ్యం పాఠం రెండూ ఒకే దెబ్బకి! పిల్లల్ని పిలిచి, "మీ మీ ఇళ్ళల్లో జబ్బ మీద టీకా మచ్చ లేని పిల్లలు ఎంతమందున్నారో చూసి, మనిషికో గవ్వ తెండి" అంది.

మర్నాడు గవ్వలొచ్చాయి. పడవలింకా సముద్రంలో ఉన్నాయి, ఒడ్డున ఆడవాళ్ళంతా తట్టలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. వాళ్ళ కళ్ళెదురుగా ఈవిడ చిప్పలు పరిచి, పిల్లల చేత ఎలుగెత్తి లెక్క పెట్టించింది. నాలుగు చిప్పలు, మూడు గవ్వలు. "నలభై మూడు!" అని పిల్లలు అరిచారు. ఒడ్డున ఉన్న ఆడవాళ్ళు తట్టలు వదిలేసి సముద్రంకేసి దణ్ణాలు పెట్టుకున్నారు. ఈవిడ చూసుకోలేదు. అప్పటికే గవ్వలన్నీ డబ్బాలో పోసుకుని బడివైపు పరుగు.

ఆ వారంలోనే గంగమ్మకి ఒళ్ళంతా పొక్కులు వచ్చాయి. ఆటలమ్మ. వాళ్ళింటి గుమ్మానికి వేపమండలు కట్టారు.

మర్నాడు కాంతం వెళ్ళేసరికి బళ్ళో రామూర్తి మాస్టారు, రెండు కాకులు.

"పిల్లలేరండీ?"

"రారండి."

"ఎందుకు రారూ? అందరికీ జ్వరాలా?"

రామూర్తి మాస్టారు ఆవలింత ఆపుకున్నారు. "కాంతమ్మగారూ, ఈ పేటలో పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టరండి. ఎంతమంది పిల్లలని అడిగితే, దేవుడిచ్చినంతమంది అంటారు. అందులోనూ పడవలు సముద్రంలో ఉండగా మనుషుల లెక్క అసలు నోటి వెంట రాకూడదు. మీరు ఒడ్డున నిలబడి అరిపించారు."

"మరి ముందే చెప్పలేదేం!"

"చెప్పనిచ్చారా? నేను నోరు తెరిచేసరికి మీరు ఒడ్డు మీదున్నారు."

కాంతానికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "మరి మీరు రోజూ హాజరు ఎలా వేస్తున్నారండీ?"

"పేర్లు పిలుస్తాను. ఆఖర్న వెయ్యాల్సిన మొత్తం మాత్రం ఇంటికెళ్ళి వేసుకుంటాను."

సోమవారం కూర్మారావు మాస్టారు వస్తున్నారు. బడిలో పిల్లలు లేకపోతే పాఠం లేదు. పాఠం లేకపోతే విశాఖపట్నం, కుర్చీ. కాంతం ఆ పాకలో అటూ ఇటూ తిరిగింది. కాకులు రెండూ భయపడి ఎగిరిపోయాయి.

రామూర్తి మాస్టారే జాలిపడి ఒక ఉపాయం చెప్పారు. "తోటలవతల ఊళ్ళో మా తోడల్లుడు బడిపంతులు. సోమవారం ఒక్కపూట వాళ్ళ పిల్లల్ని అరువు తెచ్చుకుందాం. కూర్మారావుగారికి ఏ పిల్లలైనా పిల్లలే కదా."

కాంతం మారుమాట లేకుండా బయల్దేరింది. జీడితోటల్లో పడి నడిచింది. ఎండుటాకులు కాళ్ళకింద కరకరమంటున్నాయి. నడుస్తూనే ఆ అరువు పిల్లల్ని ఊహించుకుంది. వాళ్ళకి ఈ చిప్పలు తెలీవు. ఈవిడ తెలీదు. మళ్ళీ తనే పలకలన్నీ లాక్కుని తనే చేసెయ్యాలి. సరే, చేస్తుంది, పాసవుతుంది. తర్వాత? ఉద్యోగం వచ్చి ఇంకో పేటకెళ్తుంది, అక్కడా ఎవరో ఒకరికి జ్వరం వస్తుంది, అప్పుడెక్కణ్ణించి అరువు తెస్తుంది? ఇవన్నీ నిజమే గానీ, అసలు సంగతి వేరు. ఆవిడకి గంగమ్మని చూడాలనుంది. అంతే. తోట సగంలో వెనక్కి తిరిగింది.

రాజులమ్మ ఇంటి ముందు నిలబడింది. రాజులమ్మ గుమ్మంలోనే అడ్డంగా నిలబడి కొంగు బిగించింది.

"ఎల్లు పంతులమ్మా, ఎల్లు. నీ లెక్క సాలు. మా గుంట, పండులాటి పిల్ల, మంచాన్నడిపోనాది."

"రాజులమ్మా, ఆటలమ్మ గాలికొస్తుంది. లెక్కకి రాదు."

"గాలికొత్తాదా? మరిన్నాళ్ళూ గాలి నేదేటి ఈ ఊల్ల? సముద్రం ఒడ్డునున్నోల్లకి గాలి గురించి సెప్తన్నావు, సూడు!"

కాంతం ఈ కాలు మీంచి ఆ కాలు మీదకి, ఆ కాలు మీంచి ఈ కాలు మీదకి మారుతోంది. అరుగు మీద రాజులమ్మ అత్త సన్యాసమ్మ కూర్చుని అడ్డపొగ తాగుతోంది. చుట్ట నిప్పు నోట్లో, చివర బయట. పొగ వదిలి నెమ్మదిగా అంది.

"ఏటే కోడలా, పంతులమ్మని ఎండల నిలబెట్టీసినావు. కూకోమను."

"ఆవిడెప్పుడు కూకున్నాది గనక! గాలిపటంలాగ ఎప్పుడూ లగెత్తడమే."

"మామ్మా," కాంతం ముసలమ్మ వైపు తిరిగింది, "నేను పిల్లల మంచికే చేశానే. టీకాల వాళ్ళకి చెబుదామని. ఇప్పుడేం చెయ్యమంటావో చెప్పు. ఏం చెయ్యమన్నా చేస్తాను."

సన్యాసమ్మ చుట్ట తీసి బూడిద రాల్చింది. "ఎట్టిన లెక్క తీసీ."

"తీసెయ్యడమా?"

"నా సిన్నతనంలో మా అయ్యోల పడవ ఎల్లినాక ఎవలో ఒడ్డున మడుసుల్ని లెక్కెట్టీసినారు. ఊరంతా ఏడుపులు."

"ఏమైంది?"

"ఏటీ అవనేదు. తీసీసినాం గాబట్టి." ఇంత మామూలుగా అంది. "ఎవలెట్టినారో ఆలే తియ్యాల. ఎవలెదురుగా ఎట్టినారో ఆలెదురుగానే తియ్యాల. ఎక్కడికెక్కినావో అక్కణ్ణించి మెట్టు మెట్టూ దిగాల. గవ్వ గవ్వా సముద్రంలకి ఇసిరీయాల."

"వెనక్కి లెక్కపెట్టాలన్నమాట! అంతేనా? పిల్లల్ని రేపే…"

"ఆగు. పడవలు ఒడ్డుకొచ్చీసినాక. ఇంకోటి." సన్యాసమ్మ ఆవిడ కాళ్ళవైపు చూసింది. "నువ్వు కూకోవాల."

"ఎంతసేపు?"

"అయిందాకా. లేసినావా, లెక్క నీ ఎనకే లేత్తాది. మళ్ళీ మొదట్నించి."

గుమ్మంలో రాజులమ్మ మొదటిసారి నవ్వింది. "అత్తా, ఇంకేటైనా సెప్పు. ఇది ఆవిడవల్ల అవదు."

కాంతం ఆ మధ్యాహ్నం బస్సులో కూర్చుని చూసింది. నిజం! కండక్టరు కంగారుపడి, ఒంట్లో బాగాలేదా అమ్మా అని అడిగాడు. మందస రాకముందే మూడుసార్లు లేచి నిలబడింది.

సోమవారం పొద్దున్న పడవలు ముందే ఒడ్డెక్కాయి. పిల్లలొచ్చారు. బళ్ళోకి కాదు, ఒడ్డుకి. వాళ్ళ వెనకే తల్లులు తట్టలు దించి, నడుముల మీద చేతులేసుకుని నిలబడ్డారు. కాంతం తడి ఇసకలో మఠం వేసుకుని కూర్చుంది. ఎదురుగా నాలుగు చిప్పలు, మూడు గవ్వలు. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ కిందకి గట్టిగా దోపుకుంది, కాళ్ళు వాటంతటవి లేవకుండా.

సరిగ్గా అప్పుడే దూరంగా గొడుగు కనిపించింది. కూర్మారావు మాస్టారు. బూట్లు ఒక చేత్తో, గొడుగొక చేత్తో పట్టుకుని, ఇసకలో కూరుకుపోతూ, నెమ్మదిగా, నెమ్మదిగా వస్తున్నారు. ట్రయినింగు పిల్ల పరీక్షాధికారిని చూసి లేచి నమస్కారం పెట్టకపోవడమా! కాంతం నడుం దానంతటది లేవబోయింది. సన్యాసమ్మ దగ్గింది. కాంతం మళ్ళీ కూలబడి, కూర్చునే చేతులు జోడించింది.

కూర్మారావు గారు ఆగారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "బడి ఎక్కడ?"

"ఇదేనండి, ఇవాళ్టికి."

"మీరు లేవరా?"

"లేవకూడదండి. లేస్తే మళ్ళీ మొదట్నించి."

రామూర్తి మాస్టారు పరుగున వచ్చి ఆయన చెవిలో ఏదో చెప్పారు. ఆయన ఎంతోసేపు విన్నారు. "ఈవిడ పాఠం కాయితంలో కూడిక అని రాసి ఉంది" అన్నారు.

"కూడికేనండి," అంది కాంతం. "వెనక్కి."

ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. ఒక బోర్లించిన పడవ మీద కూర్చుని కాయితం తీశారు.

మొదలైంది. ఒక పిల్లొచ్చి విడి గవ్వ తీసుకుని సముద్రంలోకి విసిరింది. "నలబై రెండు!" ఇంకో పిల్లాడు. "నలబై ఒకటి!" మూడోది. "నలబై!" తల్లులు పెదవులు కదుపుతున్నారు, పైకి అనడం లేదు.

తర్వాత పోతురాజు అనే బుడతడు వచ్చాడు. కుడివైపు చూశాడు. విడిగవ్వలు లేవు. ఎడమవైపు నాలుగు నిండు చిప్పలు. తియ్యడానికి చెయ్యి చాచి, ఆగిపోయాడు.

"గవ్వల్నేవండి."

ఇక్కడే ప్రతి తరగతీ ఆగుతుంది. ఎక్కేటప్పుడు పిల్లలు పరుగెత్తుకుంటూ ఎక్కేస్తారు, దిగేటప్పుడు పది దగ్గర కాలు జారుతుంది. కాంతానికి తెలుసు. ఇంకో రోజైతే ఈపాటికి లేచి, గభాల్న చిప్ప ఎత్తి, "ఇదిగో ఇలా, చూశారా, ముప్పై తొమ్మిది, అంతే, తర్వాతెవరు?" అని అయిపోగొట్టేసేది. ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. చేతులు పిరుదుల కింద పెట్టుకుని కూర్చుంది. అల వచ్చి చీర తడిపింది. పోతురాజు ఏడుపుమొహం పెట్టాడు.

"నలబై అయిపోతే ఇంకేటొత్తాది?" ఎవరో పిల్ల.

"ఏబై!"

"అది ఎక్కేటప్పుడు, ఎర్రిమొకమా!"

"సిప్పతో సహా ఇసిరీయ్!"

"అప్పుడు పది ఎలిపోతాయి గదేటి!"

కూర్మారావు గారు కలం పట్టుకుని చూస్తున్నారు. కాంతం పళ్ళు బిగపట్టింది. ఇంకెంతసేపు? ఇంకెంతసేపు? పిల్లలిప్పుడు ఆవిడవైపు చూడటం మానేశారు. చిప్పల చుట్టూ మూగి, ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటూ తగువాడుకుంటున్నారు. ఒకడు చిప్పని బోర్లించబోతే ఇంకొకతె చెయ్యి పట్టుకుని లాగింది.

అప్పుడు ఇళ్ళవైపునుంచి ఒక సన్నటి గొంతు కీచుగా వినపడింది.

"సిప్ప ఒంపండర్రా! ఒక్కటే! ఒంపి విడగొట్టండి!"

అందరూ తిరిగి చూశారు. రాజులమ్మ గుమ్మంలో, వేపమండల కింద, దుప్పటి కప్పుకుని గంగమ్మ. మొహమంతా పొక్కులు. మంచం మీంచి ఎప్పుడు లేచొచ్చిందో. నాలుగైదు రోజులుగా మంచినీళ్ళు కావాలని తప్ప మాట్లాడని పిల్ల.

"ఓలమ్మో, గాలి తగుల్తాది, లోపలికెల్లు!" అంటూ రాజులమ్మ పరిగెత్తింది. పరిగెత్తుతూనే నవ్వుతోంది, కళ్ళు తుడుచుకుంటోంది. ఒడ్డున ఆడవాళ్ళందరూ ఒక్కసారి గొల్లున నవ్వారు.

పోతురాజు చిప్ప ఒంపాడు. పది గవ్వలు ఇసకలో గలగలమన్నాయి. ఒకటి తీసి ఎంత బలముంటే అంత బలంతో విసిరాడు. "ముప్పై తొమ్మిది!"

ఇంక వాళ్ళని ఆపేవాళ్ళు లేరు. ముప్పై దగ్గర మళ్ళీ ఆగారు, ఈసారి తమంతటతామే ఒంపుకున్నారు. ఇరవై దగ్గర ఆగనేలేదు. తల్లులు కూడా పైకే అనడం మొదలెట్టారు. ఎక్కే లెక్క చెడ్డదిగానీ దిగే లెక్కకేం దోషం? ఐదు, నాలుగు, మూడు, రెండు, ఒకటి. ఆఖరి గవ్వని సన్యాసమ్మ చేతికిచ్చారు. ఆవిడ చుట్ట నోట్లోంచి తియ్యకుండానే విసిరింది. అల తీసుకుపోయింది.

కూర్మారావు గారు పడవ మీంచి లేచి వచ్చారు. పోతురాజుని అడిగారు. "ఇప్పుడు ఎంత మిగిలిందిరా?"

వాడు ఇసకలోకి చూశాడు. "సిప్పలు మిగిల్నాయండి."

పిల్లలందరూ ఫకాలున నవ్వారు. కూర్మారావు గారు నవ్వలేదు. వంగి ఒక ఖాళీ చిప్ప తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, మళ్ళీ దాని చోట అది పెట్టేశారు. "సున్నా రాయడం నేర్పేటప్పుడు ఇది చూపించండి" అన్నారు కాంతంతో. అంతే.

కాంతం లేవాలి ఇప్పుడు. లేవొచ్చు. కాళ్ళు తిమ్మిరెక్కి కదలనంటున్నాయి. రాజులమ్మే వచ్చి చెయ్యి అందించి లాగింది.

"ఎంతసేపు కూకున్నావు పంతులమ్మా! నీ ఒంట్లో బాగుందా?"

"లేదు," అంది కాంతం కుంటుతూ. "గంగమ్మకి?"

"తిండి అడుగుతాది. పొక్కులు ఎండిపోతన్నాయి." రాజులమ్మ గొంతు తగ్గించింది. "టీకాలోలకి ఆ లెక్క గావాలన్నావు గదా. గవ్వలన్నీ సముద్రంలకి ఎలిపోనాయి. మరిప్పుడేటి?"

"ఏముంది, లేదు. లెక్క తీసేశాం కదా. నేను మళ్ళీ పెట్టను."

"పెళ్ళికి ఎందరికి వండాలో ఎలాగ తెలుత్తాదనుకున్నావు? మడుసుల్ని లెక్కెడతామేటి? ఆకులు లెక్కెడతాం." రాజులమ్మ ఊరివైపు చూసింది. "ఇంటింటికీ ఎల్లి, మచ్చ నేని గుంటకో జీడాకు గోనెలో ఏయించేత్తాను. నువ్వు మాత్తరం లెక్కెట్టకు. మీ అయ్య ఆసుపత్రిలో రాసుకునీ మడిసి గదా, ఆయన్ని లెక్కెట్టుకోమను. ఆకులే గదా, మాకేటి?"

రోడ్డు దాకా కూర్మారావు గారితో నడవడమంటే కాంతానికి ఇంకో పరీక్ష. ఆయన పది అడుగులేసేలోగా ఈవిడ తోట చివరిదాకా వెళ్ళి వెనక్కి రావచ్చు. ఇంతకీ పాసా, ఫెయిలా? ఆయన చెప్పరు. జీడిచెట్లు చూస్తున్నారు. గాలి బాగుందంటున్నారు. బస్సు దుమ్ము కనపడేదాకా ఆగి, కళ్ళజోడు తీశారు.

"పోయినసారి మీరు పిల్లాడి పలక లాక్కున్నారు. గుర్తుందా?"

"ఉందండి."

"ఇవాళ ఎందుకు లాక్కోలేదు?"

"లేవకూడదన్నారండి, అందుకని."

"ఊఁ." కళ్ళజోడు పెట్టుకున్నారు. "రోజుకొకసారైనా ఆ ముసలమ్మ దగ్గుతోందనుకోండి." బస్సు ఆగింది. మెట్టెక్కి, వెనక్కి తిరిగి, ఏదో మర్చిపోయినట్టు, "పాసే" అన్నారు. కాంతం బస్సెక్కలేదు. మందస దాకా నడిచే వెళ్ళింది. కండక్టరు కిటికీలోంచి చెయ్యూపాడు.

ఆ శనివారం టెక్కలి ఆసుపత్రి ఆఫీసుకి గోనెసంచి మోసుకుని కాంతం వెళ్ళింది. అనంతపద్మనాభం గారు కుర్చీలో ఉన్నారు. ఎక్కడుంటారు మరి!

"ఏమిటే ఇది? ఎండాకులు తెచ్చావు. నీళ్ళు కాచుకోడానికా?"

"మొగలిపేటలో టీకా పడాల్సిన పిల్లలు, నాన్నగారూ. పిల్లకో ఆకు."

"ఎంతమంది?"

"నాకు తెలీదు."

"తెలీకపోవడమేమిటి? లెక్కల టీచరువి."

"ఆ ఊరి మనుషుల్ని నేను లెక్కపెట్టనని మాటిచ్చాను. మీరే చూసుకోండి. పెద్ద గెడ్డ వాగు పక్కనుండే అయిదారు ఇళ్ళ వాళ్ళు వలసెళ్ళి మొన్ననే వచ్చారుట, వాళ్ళ ఆకులు కూడా ఉన్నాయి. పోయినసారి కంటే ఎక్కువే ఉండొచ్చు." అంటూనే కిటికీ దగ్గరికెళ్ళింది, బీరువా దగ్గరికెళ్ళింది, మళ్ళీ బల్ల దగ్గరికొచ్చింది.

"కాస్త కూర్చోవే తల్లీ, కళ్ళు తిరుగుతున్నాయి."

"ఈ నెలకి సరిపడా కూర్చునేశానండి."

ఆయన గొణుక్కుంటూ గోనె విప్పి ఆకులు బల్ల మీద పరిచారు. ఒకటి, రెండు, మూడు అని కలంతో తట్టుకుంటూ పక్కకి పెట్టసాగారు. కాంతం మళ్ళీ కిటికీ దగ్గరికెళ్ళి, ఉక్కగా ఉందని రెండు రెక్కలూ తోసేసింది. బయట్నుంచి గాలి ఒక్కసారి లోపలికి దూసుకొచ్చింది. మొగలిపేట పిల్లలంతా బల్ల మీంచి లేచి, గదంతా తిరిగి, గుమ్మం దాటి వరండాలోకి పరిగెత్తారు.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పట్టుకో! ఒక్కటి పోయినా మందు తక్కువవుతుంది!"

ఇంకా మధ్యాహ్నమైనా కాలేదు. అనంతపద్మనాభం గారు కుర్చీ వెనక్కి తోసి లేచారు. పంచె పైకి దోపుకుని, ఆసుపత్రి వరండాలో జీడాకుల వెంట పరిగెత్తారు.